ఒకే ఈత పిల్లల్లో చిన్నా పెద్దా ఎందుకు?

గత వేసవి సెలవుల్లో ఒక రాత్రి హైదరాబాదు నుంచి మా అన్నయ్య కూతురు ఫోను చేసింది. ఎనిమిదో తరగతి చదువుతున్న పిల్ల. గొంతులో ఏడుపు వినిపిస్తోంది.

"బాబాయ్, నువ్వు జువాలజీ చెప్తావుగా! మా హామ్‌స్టర్ ఐదు పిల్లల్ని పెట్టి పన్నెండు రోజులయింది. నాలుగు బాగానే ఉన్నై. ఒక్కటి మాత్రం వాటిలో సగమే ఉంది. దానికేమన్నా జబ్బా? చచ్చిపోతుందా?"

నన్ను అడిగే ముందు ఆ పిల్ల ఇంకో ముగ్గుర్ని అడిగిందట. నాయనమ్మ, "చేతి ఐదు వేళ్ళూ ఒక్కలా ఉంటాయా? ఊరుకోవే" అన్నదట. జంతువుల్ని అమ్మిన దుకాణం మనిషి, "కల్తీ జాతి పడుంటుందమ్మా" అన్నాడట. తండ్రి, అంటే మా అన్నయ్య, "అది గిడసబారిన పిల్ల. బతకదు. ఆశ పెట్టుకోకు" అని పేపరు తిరగేశాడట.

మూడు జవాబులు మూడు దారుల్లో ఉన్నాయి. నాలుగో జవాబు నేను చెప్పాలి. ఎన్నో ఏళ్ళుగా తరగతి గదిలో 'వైవిధ్యం' అనే పాఠం చెబుతున్న నాకు ఆ క్షణాన చప్పున మాట రాలేదు. "రేపు చెప్తా"నని ఫోను పెట్టేశాను. ఆ 'రేపు' ఒక వారం పట్టింది. ఆ వారంలో కూడగట్టుకున్నదే ఈ వ్యాసం. సిలబస్‌లో ఉన్న సంగతులే చాలావరకు. కాని, ఒక పిల్ల ఏడుస్తూ అడిగినప్పుడు సిలబస్ కూడా కొత్తగా కనిపిస్తుంది.

ముందుగా ఈ ప్రాణి సంగతి

ఇళ్ళల్లో పెంచే హామ్‌స్టర్ మన దేశంలో పుట్టిన జంతువు కాదు. ఎలుకలకు దూరపు చుట్టం. బుగ్గల్లో రెండు సంచులుంటాయి. గింజల్ని అందులో కుక్కుకొని కలుగులోకి మోసుకుపోతుంది. ఇళ్ళల్లో పెంచే మరుగుజ్జు హామ్‌స్టర్లు 'ఫోడోపస్' అనే ప్రజాతికి చెందినవి. ఇందులో మూడే జాతులు. కజకిస్తాన్, నైరుతి సైబీరియా గడ్డి మైదానాల్లో ఉండే సంగోరస్‌ను 1773లో పల్లాస్ వర్ణించాడు. మంగోలియా ప్రాంతపు రోబోరోవ్‌స్కీని 1903లో సతూనిన్, క్యాంప్‌బెల్లీని 1905లో ఓల్డ్‌ఫీల్డ్ థామస్ వర్ణించారు. మూడింటిలోనూ రోబోరోవ్‌స్కీ చిన్నది. బరువు పాతిక గ్రాములకు అటూ ఇటూ. మిగతా రెండూ సాధారణంగా ముప్ఫై నలభై గ్రాములుంటాయి. చూపుకు దగ్గర పోలిక. అందుకే దుకాణాల్లో రెండింటినీ 'డ్వార్ఫ్' అనే ఒకే పేరుతో అమ్మేస్తారు.

క్యాంప్‌బెల్లీ గర్భం మోసే కాలం సుమారు 18 రోజులే. పిల్ల పుట్టినప్పుడు వెంట్రుకలుండవు, కళ్ళు తెరవదు, చెవులు వినపడవు. బరువు రెండు గ్రాములకు లోపే. ఇంత చిన్న ప్రాణి మీద మనకు జాలి కలుగుతుంది గాని, జాలి పడవలసింది తల్లిమీద. పిల్లకు 1.8 గ్రాముల చొప్పున ఐదు పిల్లలంటే 9 గ్రాములు. తల్లి 36 గ్రాములనుకుంటే తన బరువులో నాలుగో వంతు మోసి కన్నదన్నమాట. 60 కిలోల స్త్రీ 15 కిలోల బరువు బిడ్డల్ని కన్నట్లు! అక్కడితో అయిపోలేదు. సుమారు మూడు వారాల్లో పాలు విడిచేనాటికి పిల్లలు ఒక్కొక్కటీ పుట్టిన బరువుకు ఎనిమిది పది రెట్లు పెరుగుతాయి. ఆ పెరుగుదలలో అధికభాగం తల్లి పాలనుంచే రావాలి. చిన్నా పెద్దా తేడాలు పుట్టే చోటు ఇదే. పంచవలసింది పరిమితం, పంచుకొనేవాళ్ళు ఎక్కువ.

నాయనమ్మ జవాబు: ఐదు వేళ్ళూ ఒక్కలా ఉండవు

మొదటి జవాబు సామెతే అయినా శాస్త్రానికి దగ్గరగా ఉన్నది.

సంగోరస్‌లోనూ క్యాంప్‌బెల్లీలోనూ క్రోమోజోములు 28. అంటే 14 జతలు. అండం తయారయ్యేటప్పుడు ప్రతి జతనుంచీ ఒకటే పోతుంది. ఏది పోతుందన్నది బొమ్మా బొరుసూ వేసినట్లే. 14 సార్లు బొమ్మా బొరుసూ వేస్తే 16,384 రకాల అండాలు సాధ్యం. తండ్రి శుక్రకణాలూ అన్ని రకాలే. రెండూ కలిస్తే 26 కోట్ల 84 లక్షల పైచిలుకు కూర్పులు! క్రోమోజోములు మధ్యలో ముక్కలు మార్చుకోవడాన్ని ఇంకా లెక్కలోకి తీసుకోనేలేదు. కనుక ఒకే తల్లి, ఒకే తండ్రి, ఒకే రోజు పుట్టుక అయినా ఐదు పిల్లలూ ఐదు వేరువేరు జన్యు కూర్పులు. శరీర పరిమాణాన్ని నిర్ణయించేది ఒక్క జన్యువు కాదు, ఎన్నో జన్యువులు కలిసి. పేకముక్కలు పంచినప్పుడు ఒకరి చేతికి అన్నీ రాజులూ రాణులూ రావచ్చు, మరొకరికి అన్నీ రెండ్లూ మూళ్ళూ రావచ్చు. ఆటలో ఎవరూ మోసం చెయ్యలేదు.

"అయితే జన్యువులన్నీ ఒకటే అయితే పిల్లలు కూడా ఒక్క సైజులో ఉంటాయా సార్?" అని ఒక బి.యస్సీ. విద్యార్థి అడిగాడు ఒకసారి. మంచి ప్రశ్న. దీనికి జవాబు ప్రయోగశాలలోనే దొరికింది. అన్నాచెల్లెళ్ళను తరతరాలుగా జతకట్టించి, ఇంచుమించు ఒకే జన్యువులుండేట్లు తయారుచేసిన ఎలుకలు, చిట్టెలుకలు ఉన్నాయి. వాటికి ఒకే తిండి, ఒకే ఉష్ణోగ్రత, ఒకే రకం పెట్టె ఇచ్చి చూస్తే బరువుల్లో తేడాలు పోవాలి కదా! జర్మనీకి చెందిన క్లాస్ గార్ట్‌నర్ సుమారు మూడు దశాబ్దాల అనుభవాన్ని క్రోడీకరించి 1990లో చెప్పినదేమంటే, పరిసరాలను ఎంత సమానం చేసినా తేడాల్లో 70 నుంచి 80 శాతం అలాగే మిగిలిపోయాయని. జన్యువులూ కాదు, మనం కొలవగల పరిసరాలూ కాదు. మూడో అంశం ఏదో ఉన్నది. పిండం మొదలైన తొలి దశల్లో జరిగే యాదృచ్ఛికమైన చిన్న చిన్న మార్పులే అందుకు కారణమని ఆయన అభిప్రాయపడ్డాడు.

ఆర్మడిల్లో అనే అమెరికా ఖండపు జంతువు సంగతి ఇంకా విచిత్రం. తొమ్మిది పట్టీల ఆర్మడిల్లో ఒకే అండం నుంచి నలుగురు సమరూప కవలల్ని కంటుంది. ఆ నలుగురి శరీర బరువుల్లోనూ, అవయవాల బరువుల్లోనూ, శరీర రసాయనాల్లోనూ గుర్తించదగిన తేడాలున్నాయని స్టార్స్, విలియమ్స్ అనే శాస్త్రజ్ఞులు 1968లోనే చూపించారు. ఒకే అండం కూడా నలుగురికి ఒకే తలరాత రాయదన్నమాట!

బంగారు హామ్‌స్టర్ కథ కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఇది మరుగుజ్జు కాదు, పెద్ద రకం. జెరూసలేంలో కాలా అజార్ కుటుంబపు వ్యాధులమీద పరిశోధన చేస్తున్న సాల్ ఆడ్లర్‌కు హామ్‌స్టర్లు కావలసి వచ్చాయి. 1930లో ఇజ్రాయెల్ అహరోనీ అనే జంతుశాస్త్రజ్ఞుడు సిరియాలోని అలెప్పో దగ్గర ఒక పొలం తవ్వించి ఒక తల్లినీ దాని పిల్లలనూ పట్టించాడు. ప్రపంచంలో నేడు ప్రయోగశాలల్లోనూ ఇళ్ళల్లోనూ ఉన్న బంగారు హామ్‌స్టర్లలో అత్యధిక భాగం ఆ ఒక్క ఈత తోబుట్టువుల సంతతే. అంత దగ్గర రక్తమైనా వాటి ఈతల్లోనూ చిన్నా పెద్దా ఉంటూనే ఉన్నాయి.

గర్భంలోనే మొదలయ్యే పోటీ

ఈ జంతువుల గర్భాశయం మనుషులకున్నట్లు ఒక్క సంచిలా ఉండదు. రెండు కొమ్ముల్లా చీలి ఉంటుంది. పిండాలు దండలో పూసల్లాగా వరుసగా అంటుకొని ఉంటాయి. ప్రతి పిండానికీ దాని మావి దానిదే. కాని, అన్నింటికీ నెత్తురు వచ్చే దారులు ఒకటే. ఏ పూసకు ఎంత చోటు దొరికింది, దాని మావి ఎంత బాగా వేళ్ళూనింది అనేదాన్నిబట్టి ఆహారం అందుతుంది. పొలంలో కాలవ మొదట ఉన్న మడికీ చివర ఉన్న మడికీ నీళ్ళు ఒక్కలా పారవు కదా, అటువంటిదే ఇది.

మరో సంగతి. 18 రోజుల గర్భంలో మొదటి కొన్ని రోజులు అండం గర్భాశయానికి అంటుకోవడానికే సరిపోతాయి. మిగిలింది రెండు వారాలు. బరువు పెరిగేది ముఖ్యంగా ఆఖరి రోజుల్లోనే. ఒక పిండం మిగతావాటికన్నా ఒక పూట వెనకబడిందనుకోండి. తొమ్మిది నెలలు మోసే మనుషుల్లో అదొక లెక్కకాదు. రెండు వారాల్లో తయారయ్యే ప్రాణికి మాత్రం ఒక పూట అంటే చాలా ఎక్కువ. పుట్టేటప్పుడు అన్నీ ఒకే విడతలో బయటికి రావాలి. వెనకబడిన దానికోసం ఎవరూ ఆగరు.

పుట్టిన తర్వాత పాలపోటీ

పుట్టినప్పుడు ఉన్న చిన్న తేడా పాలదగ్గర పెద్దదవుతుంది. ఇందులో ఒక రేఖాగణిత సూత్రం దాగి ఉంది. వస్తువు చిన్నదయ్యేకొద్దీ దాని బరువుతో పోలిస్తే ఉపరితలం ఎక్కువవుతుంది. ఒకే ఆకారంలో ఉన్న రెండు పిల్లల్లో ఒకటి మరొకదాని బరువులో సగముంటే, దానికి గ్రాముకు సుమారు నాలుగో వంతు ఎక్కువ చర్మం ఉన్నట్లు లెక్క. వేడి పోయేది చర్మంలోనుంచే. కనుక చిన్నపిల్ల తాగిన పాలలో ఎక్కువ భాగం ఒంటిని వెచ్చగా ఉంచుకోవడానికే ఖర్చయి, ఎదుగుదలకు తక్కువ మిగులుతుంది. పైగా చల్లబడిన పిల్ల మందకొడిగా కదులుతుంది. చనుమొన అందుకోవడంలో వెనకబడుతుంది. తక్కువ తాగుతుంది. ఇంకా చల్లబడుతుంది. లేనివాడికి అప్పుమీద అప్పు పెరిగినట్లు!

కుందేళ్ళలో ఇది స్పష్టంగా చూశారు. తల్లి కుందేలు రోజుకు ఒకసారి, మూడు నాలుగు నిమిషాలు మాత్రమే పాలిస్తుంది. మిగతా సమయమంతా పిల్లలు ఒకదాన్నొకటి అదుముకొని కుప్పగా పడుకుంటాయి. కుప్ప నడుమ చోటు దొరికిన పిల్ల వెచ్చగా ఉండి, తాగిన పాలను బాగా ఒంటికి పట్టించుకుంటుంది. అంచున పడుకున్నది వెనకబడుతుంది.

పాలవంతు జీవితాన్ని ఎంత మారుస్తుందో ఇంగ్లండులో ఎల్సీ విడ్డోసన్, మెకాన్స్ అనే పోషకాహార శాస్త్రజ్ఞులు 1960 ప్రాంతంలో ఎలుకలమీద చూపించారు. పుట్టిన పిల్లల్ని కలిపివేసి, ఒక తల్లికి మూడే పిల్లల్ని, మరో తల్లికి పదిహేను, ఇరవై పిల్లల్ని ఇచ్చారు. మూడు వారాలకు తేడా కొట్టొచ్చినట్లు కనిపించింది. ముఖ్య విషయం అది కాదు. ఆ తర్వాత రెండు గుంపులకూ కావలసినంత తిండి పెట్టారు. అయినా కిక్కిరిసిన గూటిలో పెరిగినవి రెండో గుంపును అందుకోలేకపోయాయి. మొదటి మూడు వారాల్లో పోయినది ఆ తర్వాత తిండితో పూర్తిగా తిరిగి రాలేదు. ఈ సంగతి మళ్ళీ చివర్లో పనికొస్తుంది. గుర్తుంచుకోండి.

దుకాణం వాడి జవాబు: కల్తీ జాతి

దుకాణం మనిషి మాట నోటికొచ్చిన మాటే అయినా దాన్నీ పరిశీలించాలి. సంగోరస్, క్యాంప్‌బెల్లీ జాతులు పెంపకంలో కలుస్తాయి. అయితే ఫలితం ఏ జాతి తల్లి, ఏ జాతి తండ్రి అన్నదాన్నిబట్టి ఉంటుంది. అమెరికాలోని మోంటానా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో ప్రచురించిన దానిప్రకారం, ఒక వైపు సంకరంలో పిండమూ మావీ విపరీతంగా పెరిగిపోయి తల్లి ప్రాణానికే ముప్పు వస్తుంది. అదే జాతుల్ని తారుమారు చేసి జతకడితే పిల్లలు మామూలు సైజులో పుట్టి, మగవి మాత్రం పెద్దయ్యాక కొంచెం చిన్నవిగా ఉంటాయి. జన్యువులు అవే, కాని తండ్రినుంచి వచ్చినదా, తల్లినుంచి వచ్చినదా అన్నది కూడా పెరుగుదలను మారుస్తుందన్నమాట. కనుక 'డ్వార్ఫ్' పేరుతో ఏదో ఒకదాన్ని ఏదో ఒకదానితో జతకట్టించి అమ్మేవాళ్ళు తల్లి ప్రాణంతో జూదమాడుతున్నారు.

అయితే మా పిల్ల దగ్గర కల్తీ అన్నది ఒక్కదాని చిన్నతనానికి జవాబు కాలేదు. ఒకే తల్లి, ఒకే తండ్రి. కల్తీ అయితే ఐదూ కల్తీయే.

ఇక్కడ ఇంకో పొరపాటు కూడా సాధారణంగా జరుగుతుంది. మరుగుజ్జు హామ్‌స్టర్ తల్లి ఈనిన రోజునే మళ్ళీ జతకట్టగలదు. తండ్రి అదే పెట్టెలో ఉంటే సుమారు మూడు వారాల లోపలే రెండో ఈత దిగుతుంది. అప్పుడు పెట్టెలో పెద్దపిల్లలూ చిన్నపిల్లలూ కలిసిపోయి, చూసేవాళ్ళకు ఒకే ఈతలో తేడాలున్నట్లు కనిపిస్తుంది. అలాగని తండ్రిని తీసెయ్యడం ఎప్పుడూ మేలు అనుకోకూడదు. క్యాంప్‌బెల్లీ జాతిలో తండ్రి ప్రసవంలో మంత్రసానిలా సాయం చేస్తాడని, పుట్టిన పిల్లను నాకి శుభ్రం చేస్తాడని కెనడాలోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో గమనించి 2000లో ప్రకటించారు. చలిలో తండ్రి కూడా గూటిలో ఉండటం ఈ జాతి పిల్లలకు ప్రాణాధారం.

సంగోరస్‌లో మరో విశేషం. తల్లి గర్భంలో ఉండగానే పిల్లకు బయటి పగటి పొడవు తెలుస్తుంది. తల్లి ఒంట్లోని మెలటోనిన్ ఆ కబురు మోస్తుంది. పగళ్ళు కురచవుతున్న కాలంలో పుట్టిన పిల్లలు నెమ్మదిగా పెరిగి, ఆలస్యంగా ఈడుకొస్తాయి. సైబీరియా చలికాలం ముందు తొందరపడి పెరగడం తెలివితక్కువ కదా! కనుక ఈ ఈతను నిరుటి ఈతతో పోల్చి "ఇవన్నీ చిన్నవే" అని కంగారుపడనక్కరలేదు.

తండ్రి జవాబు: బతకదు

ఈ జవాబు నిజం కావచ్చు, కాకపోనూవచ్చు. కాని చూడకుండానే చెప్పిన జవాబు. నాకు అభ్యంతరం అక్కడే.

అడవిలో చిన్నపిల్లకు ప్రమాదం ఎక్కువన్నది వాస్తవమే. తల్లి కూడా కొన్నిసార్లు తన పిల్లల్నే తినేస్తుంది. డే, గేలెఫ్ అనే శాస్త్రజ్ఞులు 1977లో బంగారు హామ్‌స్టర్ల విషయంలో చూపినదేమంటే, అది తల్లికి పిచ్చెక్కి చేసే పని కాదని, తాను సాకగలిగిన సంఖ్యకు ఈతను తగ్గించుకోవడమని. గూటినుంచి కొన్ని పిల్లల్ని తీసేస్తే తినడం తగ్గింది. కొత్తపిల్లల్ని కలిపితే పెరిగింది. కఠినంగా ఉంటుంది గాని అదొక లెక్క.

అయితే మా పిల్ల ఇంట్లో ఆ చిన్నది పన్నెండో రోజుకు చేరింది. పుట్టుకతో ప్రాణాంతకమైన లోపముంటే సాధారణంగా మొదటి రోజుల్లోనే తేలిపోతుంది. ఇక చూడవలసింది అది ఎంత చిన్నది అన్నది కాదు, పెరుగుతోందా లేదా అన్నది. ఈ రెండింటికీ తేడా చెప్పడానికి ఒక లెక్క వేద్దాం. అంకెలు లెక్కకోసం నేను అనుకున్నవి మాత్రమే.

14వ రోజు బరువులు (గ్రాముల్లో): 12, 11.5, 11, 10.5, 7. సగటు 10.4.
21వ రోజు బరువులు: 18, 17.5, 17, 16, 12. సగటు 16.1.

పెద్దదానికీ చిన్నదానికీ మధ్య తేడా 14వ రోజు 5 గ్రాములు, 21వ రోజు 6 గ్రాములు. "అయ్యో, తేడా పెరిగింది" అంటాడు తొందరపాటు మనిషి. ఇప్పుడు నిష్పత్తి చూడండి. మొదట చిన్నది పెద్దదానిలో 58 శాతం. వారం తర్వాత 67 శాతం. ఆ వారంలో పెద్దది తన బరువులో సగం పెరిగితే, చిన్నది 71 శాతం పెరిగింది! అంటే చిన్నది అందుకుంటోంది. కొలిచిన అంకెలు అవే. ఏమి అడగాలో తెలియకపోతే అంకె కూడా అబద్ధం చెబుతుంది. ప్రాక్టికల్ రికార్డుల్లో తేడాలు మాత్రమే రాసి ఊరుకునే విద్యార్థి మిత్రులు దీన్ని గమనించగోర్తాను.

మరి ఏం చెయ్యాలి?

వారం తర్వాత ఫోనులో నేను ఆ పిల్లకు చెప్పినవి ఇవి. ఇళ్ళల్లో ఈ జంతువుల్ని పెంచే విద్యార్థులకూ పనికి రావచ్చు.

ఒకటి. మొదటి పదిరోజులు గూటిని కదపకూడదు. ముద్దొస్తున్నాయని పిల్లల్ని పట్టుకుంటే తల్లి బెదురుతుంది. బెదిరిన తల్లి పిల్లల్ని తినే ప్రమాదముంది.

రెండు. చిన్నదాన్ని జాలిపడి వేరే పెట్టెలో పెట్టకూడదు. దానికి కావలసిన వెచ్చదనం దాని తోబుట్టువుల ఒళ్ళే. వేరుచేస్తే మనం చంపినట్లే.

మూడు. కళ్ళు తెరిచాక, అంటే సుమారు రెండు వారాలప్పుడు, రోజూ ఒకే వేళకు తూచాలి. వంటింటి త్రాసు పనికిరాదు. బంగారం తూచే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు కావాలి. పుస్తకంలో రాసుకోవాలి. నిన్నటికన్నా ఇవ్వాళ ఎక్కువుంటే, ఎంత చిన్నదైనా దిగులు లేదు. వరుసగా తగ్గుతుంటే, వెనకభాగం తడిగా ఉంటే, పళ్ళు వంకరగా పెరిగి తినలేకపోతుంటే, చల్లగా ముడుచుకొని విడిగా పడుంటే, పశువైద్యుడికి చూపించాలి.

నాలుగు. తిండి తల్లికి పెంచాలి. నానబెట్టిన గింజలు, కొంచెం ఉడికిన గుడ్డు గూటికి దగ్గరగా పెడితే, పాలు చాలని చిన్నది ముందుగానే వాటిని కొరకడం మొదలుపెడుతుంది. నీళ్ళసీసా మూతి పొట్టిదానికి కూడా అందేంత కిందికి ఉండాలి. పెద్దవాటి ఎత్తుకు కట్టిన సీసా కింద చిన్నపిల్ల దాహంతో పోవడం అన్నది ప్రకృతి తప్పు కాదు, మనది.

ఐదు. నాలుగు వారాలయ్యేసరికి ఆడా మగా విడదీయాలి. చిన్నగా ఉన్న ఆడపిల్లను తోబుట్టువుల మధ్యే వదిలేస్తే, తానింకా పెరగకుండానే అది తల్లవుతుంది.

హామ్‌స్టర్ నుంచి మనిషిదాకా

జంతువుల సంగతి మనుషులకు అంటగట్టడం తప్పని మా గురువులు హెచ్చరించేవారు. నిజమే. మనిషి పద్దెనిమిది రోజుల్లో పుట్టడు. అయినా గర్భంలోనూ, పాలు తాగే వయస్సులోనూ అందిన ఆహారం ఆ తర్వాత ఒంటిని నిర్ణయిస్తుందా అన్న ప్రశ్న మన గ్రామాల్లో కూడా పరీక్షకు వచ్చింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1987-90 మధ్య నగరానికి సమీపంలోని 29 గ్రామాల్లో ఒక అధ్యయనం చేసింది. 15 గ్రామాల్లో గర్భిణీలకూ చిన్నపిల్లలకూ రోజూ ఉప్మా పెట్టారు. మిగతా 14 గ్రామాలకు ఆ పథకం అప్పటికింకా రాలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళయ్యాక మళ్ళీ వెతికి కొలిచారు. 2008లో ఫలితాలు ప్రచురించారు. ఉప్మా తిన్న గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ. రక్తనాళాల బిరుసు, ఇన్సులిన్‌కు ఒళ్ళు లొంగకపోవడం కూడా వాళ్ళలో కొంత తక్కువ. 14 మిల్లీమీటర్లంటే అంగుళంలో సగం పైచిలుకు. నవ్వుకోవచ్చు. కాని అది ఒక్క పిల్లవాడి సంగతి కాదు, ఊళ్ళకు ఊళ్ళ సగటు. గరిటెడు ఉప్మా పదిహేనేళ్ళ తర్వాత కూడా కనిపించిందన్నమాట!

ఇక్కడే రెండు రకాల చిన్నతనాలను వేరుచేసి చూడాలి. పేకముక్కలు పంచడంలో వచ్చిన చిన్నతనం ఒకటి. దానికి ఎవరూ సిగ్గుపడనక్కరలేదు, ఎవరూ మందు వెయ్యనక్కరలేదు. చోటూ పాలూ చాలక వచ్చిన చిన్నతనం మరొకటి. దాన్ని "ఐదు వేళ్ళూ ఒక్కలా ఉంటాయా" అని సామెత చెప్పి వదిలెయ్యకూడదు. పైకి చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి. వేరుచేసి చూడగలగడమే మన చదువుకు ప్రయోజనం.

ముగింపు

ఇంతదాకా చెప్పని మాట ఒకటుంది. మా అన్నయ్యా నేనూ కవలలం. అతను పావుగంట పెద్ద. పుట్టినప్పుడు అతను ఆరు పౌన్లట. నేను నాలుగుకు లోపేనట. నన్ను చూసినవాళ్ళు కూడా "ఇది బతకదు, పెద్దవాణ్ణి చూసుకో" అన్నారట అమ్మతో. అమ్మ ఎవరి మాటా వినలేదు. నలభై రోజులు నన్ను చీరకొంగులో రొమ్ముకు అంటిపెట్టుకొనే పడుకున్నదట. ముందు నాకు పాలిచ్చి, తర్వాతే అన్నయ్యకిచ్చేదట. బరువు తక్కువ బిడ్డల్ని తల్లి ఒంటికి చర్మానికి చర్మం తగిలేట్లు కట్టి పెంచే పద్ధతిని 1978లో కొలంబియా దేశంలోని బొగోటాలో డాక్టర్లు ప్రారంభించారని, నేడు అది ఎన్నో దేశాల్లో ఉన్నదని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. చదివి అమ్మకు చెబితే, "దానికి అంతదూరం వెళ్ళాలా?" అన్నది.

ఆ అమ్మే ఈ కథలోని నాయనమ్మ. ఐదు వేళ్ళ సామెత చెప్పిందని ఆమెను నేను తేలిగ్గా తీసుకోలేదు. తర్వాత ఫోనులో అడిగితే తెలిసింది. మనవరాలితో "ఊరుకోవే" అన్న ఆమే, రాత్రి అందరూ పడుకున్నాక హామ్‌స్టర్ పెట్టె పక్కన తన పాత ఉన్ని శాలువా మడిచి పెట్టిందట. ఉడికిన గుడ్డులో చిన్న ముక్క గూటిముందు వేసిందట. అన్నయ్యకు ఇవేమీ తెలియవు.

ఐదువారాల తర్వాత మా పిల్ల తన లెక్కల పుస్తకం ఫోటో తీసి పంపింది. రోజూ తూచింది, ఒక్క రోజు తప్పలేదు. చిన్నది చిన్నదిగానే ఉంది. మిగతా నాలిగింటినీ అందుకోలేదు, బహుశా అందుకోదు కూడా. కాని రోజూ ఎంతోకొంత ఎక్కుతోంది. చక్రం తిప్పడంలో అదే ముందుంటుందట. పుస్తకం చివర ఎర్ర సిరాతో ఒక వాక్యం రాసింది: "నాన్న రోజూ దీన్నే ముందు చూస్తున్నాడు."

మా అన్నయ్యకు ఇప్పుడైనా నేను ఫోను చేసి ఏదో ఒకటి అనాలనుకున్నాను. చెయ్యలేదు. అంకెలు అతనికి చెప్పవలసింది చెప్పే ఉంటాయి.